వెల్డింగ్ పెట్టే ముందు ఒక్కసారి ఆగరా

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న చేరింది. అందులో నాలుగు మడతలు పెట్టి పంపిన పెన్సిల్ బొమ్మలు టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా నట్లు బరువు పెట్టి చూస్తూ కూర్చుంటే రాత్రి పన్నెండు దాటింది. 1932 ఫోర్డ్ ఛాసిస్‌కి ముందు వైపు సస్పెన్షన్ సొంతంగా కట్టుకుంటానన్నావు చూడు, చదవగానే భలే సంతోషం వేసింది. మళ్ళీ రెండో బొమ్మలో టై రాడ్ (స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే కడ్డీ) దగ్గరకి వచ్చేసరికి టెన్షన్ మొదలైంది. అందుకే పొద్దున్నే రాస్తున్నా.

ముందు నీ మొదటి బొమ్మ, ఒంటి ఇరుసుది. ఫోర్డ్ కార్లకి 1948 మోడల్ దాకా ముందు ఒకే ఇరుసు, దాని మీద అడ్డంగా ఒకే కమాన్ కట్ట ఉండేవి. హాట్ రాడ్ (పాత కారుని వేగం కోసం మార్చి కట్టుకున్న బండి) అనగానే మన కళ్ళ ముందు మెదిలే ముఖం అదే కదా. కారు ముక్కు కిందకి దిగాలని కుర్రాళ్ళు ఆ ఇరుసునే కాల్చి వంపించుకునేవాళ్ళు. శాన్ డియేగోలో ఎడ్ స్టివార్ట్ ఈ పనిలో ఎంత చెయ్యి తిరిగినవాడంటే, ఆయనకి 'యాక్సిల్' అనే పేరే స్థిరపడిపోయింది.

నువ్వేమో గొట్టం ఇరుసు వేసి, దానికి రెండు వైపులా విడదీసిన విష్‌బోన్ (ఇరుసుని వెనక్కి ఛాసిస్‌తో కలిపే V ఆకారపు కడ్డీ) పెట్టావు. ఆ రెండూ కలవవురా. పాత విష్‌బోన్ వెనక ఒకే బంతి దగ్గర కలిసేది కాబట్టి, ఒక చక్రం లేస్తే మొత్తం కలిసే ఒరిగేది. దాన్ని చీల్చి ఒక్కో కొస ఒక్కో ఛాసిస్ రైలుకి (పక్క దూలానికి) బిగించాక, ఒక చక్రం గుంతలో పడితే ఇరుసు మెలి తిరగాల్సిందే. ఐ-బీమ్ ఇరుసు (అడ్డుకోతలో I ఆకారంలో ఉండేది) అయితే కాస్త మెలి తిరిగి సర్దుకుంటుంది. గొట్టం తిరగదు. ఆ బలమంతా బ్రాకెట్ల మీద పడి, ఎప్పుడో ఒకప్పుడు అక్కడ చీలిక వస్తుంది. గొట్టమే కావాలంటే సమాంతరంగా నాలుగు రాడ్ల పద్ధతికి వెళ్ళు. నాకైతే ఐ-బీమే అందం.

అయినా నీ మనసంతా రెండో బొమ్మ మీదే ఉందని తెలుస్తూనే ఉంది. అంత శ్రద్ధగా షేడింగ్ కూడా వేశావు! ఇరుసు లేకుండా ఒక్కో చక్రానికి విడిగా కింద పొడుగు ఆర్మ్, పైన పొట్టి ఆర్మ్, ర్యాక్ (పళ్ళ కడ్డీ) స్టీరింగ్. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ టూ కారు ముందు సస్పెన్షన్ కొలతల్నే చాలామంది ఆధారంగా తీసుకుంటారు. చిన్న చోటులో ఇమిడిపోతుంది, ర్యాక్ ముందు వైపు ఉంటుంది. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టావు, మంచి పని. కానీ ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌కి తగులుతోందని ర్యాక్‌ని అర అంగుళం పైకి జరిపావు. నేనూ అచ్చం అదే చేశానురా, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నా బండి మొదటిసారి రోడ్డెక్కినప్పుడు సమతలం మీద బంగారంలా వెళ్ళింది. ఎడమ చక్రం చిన్న ఎత్తు ఎక్కగానే స్టీరింగ్ నేను తిప్పకుండానే బండి ఎడమకి లాగింది. బ్రేకు నొక్కితే ముక్కు వంగి, రెండు చక్రాలూ బయటికి విచ్చుకుని, బండి ఎటు పోతుందో తెలియలేదు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. నిలబడి ఉన్న బండికి అలైన్‌మెంట్ సరిగ్గానే ఉంది మరి! తప్పంతా చక్రం కదిలినప్పుడే.

చివరికి షెడ్డులో బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, స్ప్రింగ్ తీసేసి, చక్రం బదులు హబ్‌కి ఒక ప్లైవుడ్ పలక బిగించాను. స్టీరింగ్ కదలకుండా కట్టేశాను. పలక ముందు అంచుకీ వెనక అంచుకీ ఎదురుగా, బండి నడి గీతకి సమాంతరంగా నేల మీద దారం లాగాను. జాకీతో కొంచెం కొంచెంగా లేపుతూ, ప్రతిసారీ రెండు అంచుల దూరం కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాను. రెండు అంగుళాలు లేచేసరికి ముందు అంచు వెనక అంచు కంటే దాదాపు పది మిల్లీమీటర్లు బయటికి పోయింది. కిందకి దింపితే అంతకి అంత లోపలికి. ఆ అంకెలు చూశాక ఇక అనుమానం లేదు.

కారణం తేలికే. కింది ఆర్మ్ ఒక వృత్తం గీస్తుంది, టై రాడ్ ఇంకో వృత్తం గీస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి తోడుగా నడిస్తేనే చక్రం తిన్నగా లేస్తుంది. ముందు నుంచి చూస్తే టై రాడ్ లోపలి కీలు, పై ఆర్మ్ లోపలి కీలునీ కింది ఆర్మ్ లోపలి కీలునీ కలిపే గీత మీద పడాలి. రెండు ఆర్ములనీ లోపలికి పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో, టై రాడ్ గీత కూడా ఆ చుక్క వైపే పోవాలి. ర్యాక్ అర అంగుళం లేస్తే ఈ లెక్కంతా పోయినట్టే. నేను ర్యాక్‌ని పాత చోటుకి దింపి, లోతంతా వెనక ఉండే ఆయిల్ పాన్ వేసుకున్నాను. నువ్వూ పాన్ మార్చు, ర్యాక్ జోలికి పోకు. అలాగే ఛాసిస్ సన్నగా ఉందని క్రాస్‌మెంబర్ (రెండు రైళ్ళనీ కలిపే అడ్డ దూలం) కోసి కుదిస్తే, ర్యాక్ కూడా అంతే కుదించాలి.

కంప్యూటర్ లేకపోయినా పర్లేదు. ప్లైవుడ్ మీద అసలు కొలతలతో ముందు వైపు బొమ్మ గీసి, ఆర్ములు, స్పిండిల్ (చక్రం బిగించే భాగం), టై రాడ్ అట్టముక్కలతో కోసి, పిన్నులు గుచ్చి కదిపి చూడు. మూడు అంగుళాలు పైకి, రెండు కిందకి. అట్ట టై రాడ్ కొస స్టీరింగ్ ఆర్మ్ కంతని వదిలి పక్కకి జరగడం కంటికే కనిపిస్తుంది. ఆ సాయంత్రం నీకు ఎంత నచ్చుతుందో చూడు!

స్ప్రింగు, షాకుల సంగతి తర్వాత చూడొచ్చు, అవి బోల్టు విప్పి మార్చేవి. కీళ్ళ చోట్లే మారవు. ఇంకొన్ని మాత్రం ఇప్పుడే చెప్పాలి. టైరు గాలి పోతే రిమ్ము నేలకి ఆనుతుంది కదా, రిమ్ము అడుగు గీత కంటే కిందకి ఏ భాగమూ వేలాడకూడదు. నీ కింది ఆర్మ్ బ్రాకెట్ ఒకటి వేలాడుతోంది, పైకి కొయ్యి. రాడ్ ఎండ్ (కడ్డీ కొసన మరతో బిగించే బంతి కీలు) మరని వంచే బలం దాని మీద పడనీకు. బయటి వైపు పెద్ద వాషర్ తప్పకుండా వెయ్యి, బంతి ఊడినా రాడ్ జారిపోదు. మెరుపు కోసం గట్టి రకం బోల్టులకి క్రోమ్ పూత వేయించకు. ఆ పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరి, బోల్టు పెళుసుబారి టప్పున విరుగుతుంది.

ఒంటి ఇరుసుకే తిరిగి వచ్చావంటే క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) ఐదు నుంచి ఏడు డిగ్రీల మధ్య, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన కొలత) ఎనిమిదో వంతు అంగుళం దగ్గర మొదలుపెట్టు. స్టీరింగ్ రాడ్ అడ్డంగా పోతే పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కట్టి ఉంచే కడ్డీ) మరువకు. రెండూ ఒకే పొడుగులో, సమాంతరంగా ఉండాలి.

ప్రస్తుతానికి అన్నీ ట్యాకింగ్‌తోనే (చిన్న చుక్కల వెల్డింగ్‌తోనే) ఆపు. రెండు ఆర్ములు, టై రాడ్ కొసల్లోని ఆరు కీళ్ళకీ నేల నుంచి ఎత్తు, నడి గీత నుంచి దూరం కొలిచి పంపు. నా ప్లైవుడ్ పలక ఇంకా షెడ్డులోనే ఉంది, పాత గీతలు చెరిపి నీ కొలతలు గీస్తాను. అవి ఆదివారంలోగా వస్తే, ఆ రాత్రే అట్టముక్కలు కోసేస్తా.

నీ వాడు