యాభై వేలు దాటిన మిర్చి రైతు నుంచి ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎన్నికల అధికారి గారికి,

గుంటూరు మిర్చి యార్డును నమ్ముకుని బతికే ఒక కౌలు రైతు నమస్కారాలు. ఎన్నికల తనిఖీలో పట్టుకుని ఉంచేసిన నా మిర్చి డబ్బు గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటి మీదా ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2024 ఏప్రిల్‌లో పన్నెండు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డుకు తోలాను. కాటా అయ్యి, కమిషనూ హమాలీ పోను 82 వేలు చేతికొచ్చాయి. కోత కూలీలు పది రోజులుగా ఎదురుచూస్తున్నారు. నోట్లు సంచిలో పెట్టుకుని బండి మీద ఊరికి బయల్దేరితే దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఎన్నికల వేళ కాగితాలు లేకుండా తీసుకెళ్లే నగదు యాభై వేలు దాటకూడదట, నాది దాటిందట. తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మినట్టు యార్డులో రాసిచ్చే చీటీ, చూపించాను. "ఇదేం బిల్లు, చేత్తో రాసిందిగా" అన్నారు. నా చొక్కాకున్న మిర్చి ఘాటుకి పక్కన నిలబడ్డ కానిస్టేబులు తుమ్ముతూనే ఉన్నాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలండీ?

ఏ పార్టీకీ సంబంధం లేని సొమ్మును ముగ్గురు అధికారుల కమిటీ చూసి వదిలేయాలని, కేసు లేకపోతే పోలింగ్ అయ్యాక ఏడు రోజులకు మించి ఉంచకూడదని మీ నిబంధనే చెబుతోంది. అప్పుడు నాకది తెలీదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. పోలింగ్ మే 13న. నా డబ్బు చేతికొచ్చింది జూన్ ఆఖర్లో. ఈలోగా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకిచ్చాను. ఆ వడ్డీ ఎవరిస్తారన్నదే నా మొదటి అర్జీ. రెండోదీ అదే. మూడోదీ అదే.

పోలింగ్‌కు ముందు రెండు రాత్రులు మా వీధిలో డబ్బు కవర్లు తిరిగాయి. ఓటర్ల జాబితా పట్టుకుని, ఇంటికెన్ని ఓట్లో చూసుకుని మరీ పంచారు. ఏ పార్టీ అని అడక్కండి, ఒకరి వెనక ఒకరు. ఆ డబ్బు ఏ చెక్‌పోస్టూ దాటకుండానే వచ్చిందా? మా అబ్బాయి సీ-విజిల్‌లో, అదే ఎన్నికల ఫిర్యాదులకు మీరు పెట్టిన ఫోను యాప్‌లో, ఫోటో పెట్టాడు. వంద నిమిషాల్లో తేలుస్తామన్నారు. తేల్చారు కూడా, ఆధారం లేదని. (మా ఇంటికొచ్చిన కవరును మా ఆవిడ తిప్పి పంపింది. ఇరుగుపొరుగు ఇప్పటికీ నవ్వుతున్నారు.)

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు కదా. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇచ్చే ఉంటారు. మా వీధి కవర్లు ఏ పద్దు కింద రాశారో కాస్త చూసి చెప్పండి. పార్టీ ఖర్చుకైతే అసలు పరిమితే లేదాయె. 20 వేల లోపు చందా ఇచ్చినవాళ్ల పేర్లు పార్టీలు కమిషన్‌కు చెప్పనక్కర్లేదు. పార్టీలకు పేరు చెప్పకుండా చందా ఇచ్చే ఎన్నికల బాండ్లు ఎవరు కొన్నారో, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసి బయటపెట్టమనేదాకా మాకు తెలియనే తెలియదు. నా 82 వేలకు మాత్రం పేరు, ఊరు, పొలం సర్వే నంబరు, ఎవరికిస్తావు, ఎందుకిస్తావు, అన్నీ కావాల్సొచ్చాయి.

తక్‌పట్టీని బిల్లుగా ఒప్పుకోమని మీవాళ్లకు చెప్పండి. లేదంటే యార్డు గేటు దగ్గరే ఒక మనిషిని కూర్చోబెట్టి ముద్ర వేయించండి. నా వడ్డీ సంగతి చూడండి. కవర్ల సంగతి కూడా, వీలైతే.

మూడు అర్జీల నకళ్లు జత చేస్తున్నాను. తక్‌పట్టీ మాత్రం జత చేయలేను, అది ఇంకా మీవాళ్ల దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక కౌలు రైతు, గుంటూరు జిల్లా