మన సిరొంచ పరుగు దారులు: సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ, సభ్యత్వం లేకపోయినా పొద్దున్నే మనతో కలిసి పరిగెత్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఈ నివేదికను సర్వసభ్య సమావేశంలో ఎలాగూ చదువుతాం, కానీ అక్కడ టైమంతా చర్చకే కావాలి కాబట్టి ముందుగానే వివరంగా రాసి పంపుతున్నాం. చదివి, అడగాల్సినవి రాసుకుని రండి.

ఈ ఏడాది పనుల్లో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది, పోలీస్ ఉద్యోగాల భర్తీకి తయారయ్యే పిల్లల్ని హైవే మీద నుంచి దించి ఏటి ఒడ్డు దారికి తేగలిగాం. అందరూ రాలేదు, చాలామంది వచ్చారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ తాలూకాలో భర్తీ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, నోటిఫికేషన్ వచ్చిందంటే ఊరూరా పిల్లలు నాలుగింటికే లేచి ఆల్లాపల్లి రోడ్డు ఎక్కుతారు, తారు రోడ్డు, తిన్నగా ఉంటుంది, కిలోమీటరు రాళ్లుంటాయి కాబట్టి. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడుతుంటే రోడ్డు అంచు ఎక్కడుందో కూడా కనపడదు. ఇంట్లో తల్లిదండ్రులకు వాళ్లు తిరిగొచ్చేదాకా టెన్షనే. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800, ఆపైన ఇద్దరికీ 100 మీటర్లు, గోళా (ఇనుప గుండు విసరడం). మైదానం పరీక్షకున్న 50 మార్కుల్లో 20 ఆ పెద్ద పరుగుకే. వెళ్లొద్దని ఏ తల్లి చెప్పగలదు? అందుకే వద్దని చెప్పడం మానేసి, ఇంతకన్నా మంచి చోటు చూపించాలని సంఘం నిర్ణయించుకుంది.

ప్రాణహిత ఘాట్ పైనుంచి ఒడ్డు వెంట పోయే మట్టిదారిని టేపుతో కొలిచి 1600 మీటర్లకు గుర్తులు పెట్టాం. ఫోన్‌లో కొలిస్తే సరిపోతుంది కదా అని కొందరన్నారు. చెట్ల కింద ఫోన్ లెక్క అటూ ఇటూ పోతుంది, భర్తీలో సెకనుకు కూడా విలువుంటుంది, అందుకే టేపే వాడాం. ప్రతి 200 మీటర్లకు సున్నం వేసిన రాయి, 800 దగ్గర ఎర్ర రాయి. ముళ్లకంపలు కొట్టి, గుంతల్లో మొరం పోసి, వర్షాకాలం కోసుకుపోయిన రెండు చోట్ల రాళ్లు పేర్చాం. ఆ పనికి వచ్చినవాళ్లలో పరుగుతో సంబంధం లేని పెద్దవాళ్లే ఎక్కువ, ఒడ్డు మీద పొలమున్న కాక అయితే తన ట్రాక్టరు ఇచ్చి డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. వాళ్లందరికీ సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఇప్పుడు దారుల సంగతి. మనది మూడు నదుల మధ్య ఉన్న తాలూకా, పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. పరిగెత్తేవాళ్లకు ఇంత అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి. అయినా ఏ దారి ఏ నెలలో పనికొస్తుందో తెలియకపోతే అందమైన దారే ప్రమాదం అవుతుంది, అందుకే ఈ విషయం కాస్త ఎక్కువ రాస్తున్నాం.

అందరికీ ఇష్టమైనది నగరం ఊరి మీదుగా గోదావరి వంతెనకు పోయే దారి. వంతెన మీదకు వెళ్లి చూస్తే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, అవతల ఒడ్డున కాళేశ్వరం, అంతా ఒక్కసారిగా కనపడుతుంది. ఇక్కడ కలిసే ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే, చప్రాళ దగ్గర వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి పుట్టి మన దాకా వస్తుంది. కానీ గోదావరి పరీవాహకంలో దాదాపు మూడో వంతు దీనిదే. వంతెన మీద నిలబడి చూసిన ప్రతివాళ్లూ ఎవరు ఎవరిలో కలుస్తున్నారో అర్థం కావట్లేదంటారు, ఆ మాటలో న్యాయముంది. ఆదివారం జట్టు వంతెన దాటి కాళేశ్వరం పోయి, ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకు దండం పెట్టుకుని, టీ తాగి వెనక్కి వస్తుంది. వంతెన మీద మాత్రం ఒకరి వెనక ఒకరు, బండ్లకు ఎదురుగా, కుడి అంచున పరిగెత్తండి. పక్కపక్కన నడుస్తూ ఫోటోలు తీసుకోవడం ఆపేయండి, ఈ విషయంలో సంఘం గట్టిగానే ఉంటుంది. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరంలో జనం, బండ్లు విపరీతంగా ఉన్నందువల్ల 15 నుంచి 26 దాకా ఈ దారి మూసేశాం, ఆ రోజుల్లో పరుగంతా ఘాట్ దారిలోనే జరిగింది.

చెన్నూరు వైపు పోయే ప్రాణహిత వంతెన దారి ఇంకొకటి. సాయంత్రం ఎండ నీళ్ల మీద పడుతుంటే దానంత అందం లేదు, కానీ అది జాతీయ రహదారి, పిల్లల్ని తీసుకెళ్లే దారి కాదు. పెద్దవాళ్లు కూడా వెలుతురు ఉండగానే వెనక్కి రావాలి.

ఇసుక మీద పరుగు గురించి ఈ ఏడాది చాలా ప్రశ్నలొచ్చాయి. చలికాలం నుంచి మండు వేసవి దాకా నది తగ్గి తిన్నెలు బయటపడతాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నెమ్మదిగా పరిగెత్తితే మోకాళ్లకు హాయి. పొడి ఇసుకలో మడమ కిందికి దిగుతుంది, పిక్క పట్టేస్తుంది, కొత్తవాళ్లు అందులో పది నిమిషాలకు మించి వద్దు. గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ మన పోచంపల్లి దగ్గరకు వచ్చి 2019లో నీళ్లు నిలపడం మొదలుపెట్టాక కొన్నేళ్లు ఈ తిన్నెల్లో చాలా భాగం నీళ్ల కిందే ఉంది, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగి నీళ్లు నిలపడం ఆగిపోయాక మళ్లీ తేలింది. అందుకే పదేళ్ల కింద చూసిన తిన్నె ఇప్పుడూ అలాగే ఉంటుందని నమ్మకండి. ఇసుక తవ్విన చోట గుంతలుంటాయి, పైకి మోకాలి లోతు నీళ్లలా కనపడి లోపల మనిషి మునిగేంత ఉంటాయి. సంగమం దగ్గర అయితే స్నానానికి కూడా ఒంటరిగా దిగొద్దు.

జూన్ నుంచి ఇసుక మీదకు అస్సలు పోవద్దు. మన దగ్గర చుక్క వాన పడకపోయినా పైన వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తితే ప్రాణహిత పెరుగుతుంది. 2022 జులై వరద ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించింది, ఆ నెలలో మనం చూసింది ఇంకా ఎవరూ మర్చిపోలేదు. వానాకాలమంతా అసరెల్లి, అంకీస వైపు మొరం దారులే వాడుకోవాలి, నల్లరేగడి పొలంగట్లు వద్దు, షూకు అంటిన మట్టి బరువుతో కాలు మడతపడుతుంది. ఆ అంకీస దారిలోనే ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కల్లాలుంటాయి. చూడటానికి దారి పొడవునా ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటుంది, గాలి మాత్రం గొంతులో గుచ్చుకుంటుంది, ఆయాసం ఉన్నవాళ్లు ఆ రెండు నెలలు వేరే దారి చూసుకోవాలి. కల్లంలో కాలు పెట్టకండి, అది రైతు ఏడాది కష్టం.

అడవి దారుల గురించి. వడదం వైపు టేకు, మద్ది, ఇప్ప చెట్ల మధ్య పోయే బాట తాలూకాలోకెల్లా చల్లటిది. శిలాజాల పార్కు కూడా అక్కడే. మన పక్కనే ఉన్న కోటా ఊరి పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి జురాసిక్ రాతి పొరలకు కోటా అని పేరు పెట్టారు, ప్రాణహిత అవతలి ఒడ్డున అవే పొరల్లో దొరికిన బరపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి. పిల్లల జట్టును శీతాకాలంలో ఒకసారి పార్కుకు తీసుకెళ్లాం. పరుగు కన్నా ఆ రాయైన చెట్ల మొద్దుల దగ్గరే ఎక్కువసేపు గడిపారు, మాకు అదే సంతోషం. వచ్చే ఏడాది బడి పిల్లలతో మళ్లీ వెళ్తాం.

కానీ ఈ దారిలో గుంపుగానే వెళ్లాలి, సూర్యుడు పైకొచ్చాకే వెళ్లాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే కాలం, తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కిందికొస్తాయి, పూలు ఏరడానికి పోయేవాళ్లకు ఇది బాగా తెలుసు. జిల్లాలో పులులున్నాయి, ఏనుగులున్నాయి. 2024 ఏప్రిల్‌లో ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్లిన ఏనుగు ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. అందుకే అడవి దారికి పోయే ముందురోజు ఫారెస్ట్ గార్డును అడిగి, ఆయన సరే అంటేనే గ్రూపులో మెసేజ్ పెడుతున్నాం. మెసేజ్ రాలేదంటే పరుగు లేదని అర్థం. చెవుల్లో పాటలు పెట్టుకుని అడవిలోకి ఎవరూ రావద్దు.

ఎండ సంగతి రెండు మాటల్లో చెబుతాం. ఏప్రిల్ మధ్య నుంచి మొదటి వాన పడేదాకా పొద్దున ఏడు దాటాక పరుగు లేదు. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు ఘాట్ దగ్గర సంఘం పెడుతుంది. తల తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే నీడకు వచ్చి తల తడపండి, తగ్గకపోతే దవాఖానాకు.

ఆడపిల్లల జట్టు ఈ ఏడాది మనకు దక్కిన పెద్ద ఆనందం. వేరే టైం పెట్టమని అడిగారు, పెట్టాం. మొదట్లో తల్లులు తోడుగా వచ్చి గట్టు మీద కూర్చునేవాళ్లు, తర్వాత వాళ్లే చీర కొంగు బిగించి నడక మొదలుపెట్టారు, ఇప్పుడు అక్కలు, వదినల జట్టు ఒకటి తయారైంది. అంకీస నుంచి, నగరం నుంచి సైకిళ్ల మీద వచ్చే పిల్లలున్నారు. వాళ్లకు ఘాట్ దగ్గర బట్టలు మార్చుకునే గది లేదు, మరుగుదొడ్డి లేదు. ఇది చిన్న విషయం కాదు, దీనివల్లే పరుగు మానేసిన పిల్లలున్నారు. వచ్చే ఏడాది సంఘం ముందున్న మొదటి పని ఇదే కావాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

దారి బోర్డులు తెలుగు, మరాఠీ రెండింటిలో పెట్టాం. మనవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివింది మరాఠీ, పెద్దవాళ్లలో తెలుగే చదవగలిగేవాళ్లు ఉన్నారు, ఇద్దరికీ అర్థం కావాలి. పాత షూ పెట్టె కూడా బాగా నడిచింది, ఇంట్లో పిల్లలకు ఇరుకైనవి ఉంటే కడిగి తెచ్చివ్వండి, ఉత్తికాళ్లతో మొరం మీద పరిగెత్తే పిల్లలు ఇంకా ఉన్నారు.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, రసీదులతో సహా సమావేశంలో టేబుల్ మీద పెడతాం, ఎవరైనా తిప్పి చూడొచ్చు. ఎక్కువ ఖర్చు మొరానికి, బోర్డులకు అయింది. చందా పెంచడం లేదు.

ఇక 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల పని మొదలైతే మనం కొలిచి పెట్టుకున్న దారి మీదే సిమెంటు పడే అవకాశముంది. పుష్కరాలు మనందరి పండుగ, ఆ పనికి అడ్డు చెప్పం. మనం అడిగేది సిమెంటు రోడ్డు పక్కన ఒక మనిషి పట్టేంత వెడల్పు మట్టిదారి వదలమనే. రోజూ సిమెంటు మీద పరిగెత్తితే పిల్లల మోకాళ్లు, పిక్కలు నొప్పులు పెడతాయి, కొలిచిన గుర్తులు పోతే వాళ్లు మళ్లీ హైవే ఎక్కుతారు. నగర పంచాయతీకి ఇవ్వాల్సిన అర్జీ రాసి ఉంచాం, సమావేశంలో చదివి, మార్పులుంటే చేసి, అందరి సంతకాలతో ఇద్దాం. కాబట్టి ఈసారి ఇంటికొకరు తప్పకుండా రండి, ఘాట్ దారి పక్కన పొలాలున్న రైతుల్ని కూడా వెంట తీసుకురండి, వాళ్ల సంతకం లేకుండా ఈ అర్జీకి బలం రాదు.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున