ఆ మచ్చ మచ్చ కాదురా

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. జవాబు రాయనందుకు ఈపాటికి ఎన్ని తిట్లు తిట్టి ఉంటావో నాకు తెలుసు, క్షమించు. అమ్మకు మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, కర్ర లేకుండా నడుస్తోంది. పెద్దవాడు ఇంజనీరింగ్ రెండో ఏడుకు వచ్చాడు. నా బదిలీ ఇంకా తేలలేదు. గొడుగు సంగతి నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు. ఇక అసలు విషయానికి వస్తాను, పది రోజులుగా నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మోటారు తాతయ్య ఫోటో గుర్తుందా? నాయనమ్మ పెట్టె అడుగున, పాత పట్టుచీర మడతలో ఉండేది. ఆరో తరగతి వేసవి సెలవుల్లో దాన్ని బయటకు తీశాం. భుజం కింద నల్లటి మచ్చ ఉందని నీ జామెట్రీ పెట్టెలోని రబ్బరుతో రుద్దాం. ఎవరినీ పల్లెత్తు మాట అనని నాయనమ్మ ఆ రోజు ఫోటోను చేతిలోంచి లాక్కుంది. కొంగుతో తుడిచి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. మనం రెండు రోజులు ఆ గది వైపు వెళ్లలేదు.

ఆ మచ్చ గురించే ఈ ఉత్తరం.

మోటారు తాతయ్య నాయనమ్మకు పెద్దన్నయ్య. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, ఆయన మోటారు నడపడం నేర్చుకున్నాడు, తండ్రితో గొడవపడి ఇల్లు వదిలాడు, నాటకాల వాళ్లతో కలిశాడు. ఆ ఫోటోలో ఉన్నది సిపాయి వేషం. ముత్తాత ఆ మాట ఒక్కసారే అన్నాడట. తర్వాత కొడుకు పేరు ఇంట్లో పలకనివ్వలేదు. ఆయన తిరిగి రాలేదు. నాయనమ్మకు ఇప్పుడు తొంభై ఒకటి. మొన్న రాత్రి మందు బిళ్ళ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అది నిజంగా వేషమేనా నాన్నా?" అని అడిగింది. ఎనభై ఏళ్లు దాచుకున్న ప్రశ్న! నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే ఫోటోను స్కానరు మీద పెట్టి, అది ఎంత పెద్దదిగా చూపగలిగితే అంత పెద్దదిగా తీశాను. మొదట పోలీసు అనుకున్నాను. ఖాకీ బట్టలు, బెల్టు, చేతి మీద రెండు పట్టీలు, పోలీసులకూ అవే కదా. చివరికి రిటైరైన సుబేదారు గారొకరికి చూపించాను. ఆయన ముఖం వైపు చూడనే లేదు. "ముందు గుండీలు చూడండి" అన్నారు. మగవాళ్ల చొక్కాలో ఎడమ అంచు పైకి వస్తుంది. అది తిరగబడి ఉంటే ఫోటోను నెగటివ్ తిరగేసి అచ్చు వేశారని అర్థం. అప్పుడు కుడి ఎడమలన్నీ తారుమారవుతాయి, మనం చదివేదంతా తప్పవుతుంది. మనది సరిగ్గానే ఉంది.

తర్వాత టోపీ బిళ్ళ. దాని మీద కిరీటం ఉంది. మన సైన్యం 1950 జనవరి 26న గణతంత్రం వచ్చేదాకా ఆ కిరీటాన్నే ధరించింది, ఆ తర్వాత దాని చోటికి అశోకుడి సింహాలు వచ్చాయి. అంటే ఫోటో అంతకు ముందుదే. రెండు పట్టీలంటే నాయక్. ఒకటైతే లాన్స్ నాయక్, మూడైతే హవల్దారు. రొమ్ము మీద పతకాల రిబ్బను ఒక్కటి కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడిన వాళ్లకిచ్చిన బర్మా స్టార్ పతకాన్ని 1945లో గానీ ఏర్పాటు చేయలేదు కాబట్టి, అంతకు ముందు తీయించుకున్న ఫోటో కావచ్చు. ఇది రుజువు కాదు, పతకాలు ఉండి కూడా పెట్టుకోని వాళ్లుంటారని సుబేదారు గారే హెచ్చరించారు.

అన్నిటికంటే ముఖ్యమైనవి భుజం మీది ఇత్తడి అక్షరాలు. మామూలు కంటికి అవి ఒక మెరుపు గీతలా ఉంటాయి. పెద్దది చేస్తే చివర ఎస్, సి కనిపించాయి. నీడ పడిన మొదటి అక్షరం కోసం గంటసేపు కళ్లు చిట్లించి చూశాం. అది ఆర్! మొత్తం చదివితే ఆర్‌.ఐ.ఎ.ఎస్‌.సి. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. ఆ 'రాయల్' 1935లో చేరింది, కాబట్టి ఫోటో అటు 1935కూ ఇటు 1950కీ మధ్యది. సైన్యానికి తిండీ ఇంధనమూ మోసేది ఆ కోరే. లారీలు నడిపేది వాళ్లే, కంచరగాడిదల మీద సరుకు కొండలెక్కించేదీ వాళ్లే. మోటారు తాతయ్యరా! మోటారు నేర్చుకున్నవాడు అక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తాడు?

ఇక మచ్చ. పై చేతి మీద, పట్టీలకు పైన, నలుచదరపు గుడ్డ ముక్క కుట్టి ఉంది. అది డివిజన్ గుర్తు, అంటే వేల మంది సైనికులుండే ఒక పెద్ద దళం గుర్తు. ఆనాటి స్టూడియోలు వాడిన కొన్ని ఫిల్ముల మీద ఎరుపు, నారింజ రంగులు నల్లగా పడేవట, అందుకే గుర్తూ దాని వెనక రంగూ కలిసిపోయి సిరా ఒలికినట్టు కనిపించింది. కంప్యూటర్‌లో వెలుగు పెంచుతూ పోతుంటే ఆ నలుపులోంచి మొదట ఒక వీపు వచ్చింది, తర్వాత ముందు కాళ్లు, ఆ తర్వాత చెవి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. జంతువురా అది! నువ్వూ నేనూ చెరిపేద్దామనుకున్నది నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్న జంతువు.

నల్లపిల్లి అయితే పదిహేడో ఇండియన్ డివిజన్. వాళ్లకు మొదట మెరుపు గుర్తు ఉండేది, పిల్లి తర్వాత వచ్చింది. 1942లో బర్మా నుంచి దెబ్బలు తింటూ వెనక్కి వచ్చిన డివిజన్ అది. 1944లో బర్మాలోని టిడ్డిం నుంచి ఇంఫాల్‌కు కొండదారిలో పోరాడుతూ వచ్చింది, 1945లో మళ్లీ బర్మాలోకి వెళ్లి మెయిక్టిలా పట్టణాన్ని పట్టుకుంది. ఆ కొండదారిలో లారీ స్టీరింగు పట్టుకున్న చేతులు ఇవేనేమో అని ఫోటోలో వేళ్లు చూస్తూ కూర్చున్నాను. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. కుడి బొటనవేలి మీద చిన్న గాయం గుర్తు కూడా... సరే, దాని గురించి మరోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే ఆగలేను.

నాయనమ్మకు చెప్పాను. "వేషం కాదు నాయనమ్మా, నిజం సైన్యమే. నాయక్" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరి మా నాన్న అలా ఎందుకన్నాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి తనే, "యుద్ధానికి పోయాడంటే మా అమ్మ తట్టుకోదని అయి ఉంటుంది" అంది. బుజ్జీ, అప్పుడు నాకు ముత్తాత మీద చిన్నప్పటి నుంచి ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. కొడుకు వేషాలు వేసుకుంటూ ఎక్కడో క్షేమంగా ఉన్నాడని భార్యను నమ్మించడానికి ఆ కథ అల్లాడా? లేక నిజంగానే కోపమా? ఎవరిని అడగాలి?

అప్పటి నుంచి ఆవిడ రోజూ భూతద్దం అడుగుతోంది. గుర్తు మీద వేలు ఆనించకుండా, గాలిలోనే నిమురుతుంది.

ఇప్పుడు నీతో పని ఉంది, ఇది సరదాకు అడగడం లేదు. ఇరవై ఆరో డివిజన్ గుర్తు కూడా జంతువే. త్రికోణంలోంచి బయటికి అడుగు వేస్తున్న పులి. వాళ్లు బర్మా పడమటి తీరంలోని అరకాన్ వైపు పోరాడారు. పిల్లా, పులా అన్నది చుట్టూ త్రికోణం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. సరిగ్గా ఆ అంచులే మనం రబ్బరుతో అరగదీశాం. అక్కడ కాగితం తెల్లబడిపోయింది. నిన్ను తప్పు పట్టడం లేదు, ఫోటోను కదలకుండా పట్టుకున్నది నేనే.

కానీ రుద్దడానికి ముందు రోజు నువ్వు ఆ ఫోటో చూసి నీ డ్రాయింగు పుస్తకంలో బొమ్మ వేశావు! మీసాలు ఎక్కువ పెట్టావని నేను నవ్వితే అలిగావు కూడా. నువ్వు దేన్నీ వదలకుండా వేసేవాడివి, చొక్కా గుండీల దారాలు కూడా వేసేవాడివి. ఆ మచ్చను ఎలా వేశావు? చుట్టూ గీతలేమైనా ఉన్నాయా? ఆ పుస్తకాన్ని మీ అమ్మగారు అటక మీద దాచారని నువ్వే ఒకసారి రాశావు. ఈ ఆదివారమే ఎక్కి చూడు. దొరికితే ఫోనులో ఫోటో తీసి పంపు, ఉత్తరం రాస్తూ కూర్చోకు. నాయనమ్మ రోజూ అడుగు

తుంది అని పూర్తి చేసేలోగా లోపలి నుంచి పిలుస్తోంది. భూతద్దం కోసమే. వెళ్తున్నాను.

నీ
రెండో బెంచి వాడు