కొత్త లారీ డ్రైవర్ల శిక్షణపై రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారాలు.

మీ కార్యాలయానికి పంపిన వినతులకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

చాలామంది కొత్త డ్రైవర్లు ఖాళీ లారీతో, చదునైన మైదానంలో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటున్నారు. ఆ వెంటనే వాళ్ల చేతికి నిండు లోడు బండి వస్తోంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ముందే గేరు తగ్గించి, ఇంజన్ బలంతో బండిని అదుపులో ఉంచాలి. అది అలవాటు కాని కుర్రాడు బ్రేకు పెడల్ మీదే కాలు ఉంచుతాడు. చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు కాగిపోతాయి, కాలిన వాసన వస్తుంది, ఆపైన ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. ఇది పుస్తకంలో చదివితే ఒంటబట్టే సంగతి కాదు.

ప్రమాదం జరిగితే తప్పంతా డ్రైవర్ మీదకే నెడతారు. సరిగా నేర్పకుండా లైసెన్సు ఇచ్చినవారిని ఎవరూ అడగరు. ఇది అన్యాయం. రోడ్డు మీద చనిపోతున్నవారిలో ఆ కుర్రాళ్లూ ఉన్నారు. రాత్రిపూట ఫోన్ మోగితే చాలు, మా ఇళ్లలో టెన్షన్.

లోడు బండి మీద, వానలో, చీకట్లో, వాలు రోడ్డుపై అనుభవజ్ఞుడు పక్కన కూర్చుని నేర్పినట్టు రికార్డు ఉంటేనే భారీ వాహన లైసెన్సు ఇవ్వండి. శిక్షణ కేంద్రాలను ముందుగా చెప్పకుండా తనిఖీ చేయించండి. ఈ రెండింటిపై మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ తండ్రి