ఆలేరు దాకా వచ్చి

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలు అట్లాగే ఉంది, మేడ మెట్లు ఎక్కొద్దంటే వినడు. ఈ ఉత్తరం శీనుకిచ్చిన సంచిలో, ఆవకాయ సీసాకూ కారప్పూస డబ్బాకూ మధ్య పెడుతున్నాను. నూనె కారుతుందేమోనని కవర్లో చుట్టాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఇరవై రోజులుగా ఎప్పుడు చేసినా "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అన్న ముక్కే కదా.

నువ్వు తిరుగుతున్నావని నాకేం కోపం లేదు. హైదరాబాద్‌లో ఉంటూ చుట్టుపక్కల చూడకపోతేనే తప్పు. నీ స్టేటస్‌లో కొలనుపాక సోమేశ్వరాలయం ఫోటో చూసి సంతోషపడ్డాను. జైన మందిరంలోకి కూడా వెళ్ళావా? పచ్చరాతి మహావీరుణ్ణి చూశావా? అక్కడ మాణిక్యస్వామి అని పిలిచేది ఆదినాథుణ్ణి, సుశీలత్త ఎప్పుడూ ఇద్దర్నీ కలిపేస్తుంది. ఆ ఫోటో నువ్వు పెట్టింది గురువారం. మీ ఆఫీసుకు గురువారం ఏం సెలవో మరి. ఆలేరు దాకా వచ్చినవాడివి అక్కడ రైలెక్కితే ఎంతసేపు జనగామ! సరేలే, టైం దొరికి ఉండదు.

భువనగిరి కోటకు వెళ్తే మాత్రం పొద్దున్నే ఎక్కు. అదంతా ఒకటే బండ, 500 అడుగుల ఎత్తు, ఎండెక్కితే పెనంలా కాలుతుంది. వానపడితే అసలే వద్దు, జారుతుంది. రెండు నీళ్ళ సీసాలు పెట్టుకో, టోపీ మర్చిపోకు. యాదగిరిగుట్ట ఎటూ పక్కనే. 2022లో కొత్త గుడి తెరిచాక నేనూ పిన్నీ ఆదివారం వెళ్ళి లైన్లో నలిగిపోయాం. వారం మధ్యలో అయితే దర్శనం సులువంటారు. నీకు వారం మధ్యలోనే వీలవుతున్నట్టుంది కదా.

మీ నాన్న కూడా ఒకసారి ఇట్లాగే వారం మధ్యలో తిప్పాడు. నీకు ఆరేళ్ళు. "లీవు మిగిలింది, వాడకపోతే పోతుంది" అన్నాడు. సోమవారం కీసరగుట్ట. గుట్టంతా శివలింగాలే, నువ్వు నలభై దాకా లెక్కపెట్టి, తప్పి, మళ్ళీ మొదలుపెట్టి ఏడ్చావు. మంగళవారం కుతుబ్‌షాహీ సమాధులు. బుధవారం గోల్కొండ. మూడు రోజులూ ఇంటి పెరుగన్నమే, బయట చాయ్ కూడా తాగనివ్వలేదు. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కోట పైన కొసాకు ఉన్న బాలాహిస్సార్‌లో వినబడుతుందని నన్ను కింద నిలబెట్టి, నిన్ను భుజాన వేసుకుని మూడు వందల పైచిలుకు మెట్లు ఎక్కాడు. చెల్లిని పక్కన కూర్చోబెట్టి నేను కొడుతున్నాను. స్కూలు పిల్లలొచ్చి వాళ్ళూ కొడుతున్నారు, ఒకటే గోల. అంతలో మీ నాన్నతో పనిచేసే ఆయన పిల్లలతో కనబడి, "వదినా, అన్నకు ఎక్కడన్నా పని దొరికిందా? గేటుకు తాళమేసి నెల దాటింది కదా" అన్నాడు.

నేను చప్పట్లు ఆపలేదు. అరచేతులు ఎర్రబడ్డాయి.

మీ నాన్న దిగొచ్చి "నీ చప్పట్లు విడిగా వినబడ్డాయి" అన్నాడు. అబద్ధం. తర్వాత రామదాసు బందీఖానాలో గోడ మీది దేవుళ్ళను నీకు చూపిస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నేను అన్నం పెట్టాను, ఏమీ అడగలేదు. ఆ నెలంతా టిఫిన్ డబ్బా కట్టిచ్చాను, రోజూ ఖాళీ చేసి తెచ్చాడు. ఎక్కడ కూర్చుని తినేవాడో ఇప్పటికీ చెప్పడు. ముందే చెబితే నా గాజులున్నాయి కదా, నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చే ఖర్మ తప్పేది. చెబితే చిన్నతనం అనుకోవడం మీ ఇంటి మగవాళ్ళకు జబ్బు. మీ తాతా అంతే. నీకు క్లాసు పీకాలని కాదు, ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఇంతకీ అసలు సంగతి. సరోజ పిన్ని అల్లుడు పోయిన బుధవారం పదింటికి నిన్ను చిలుకూరు బాలాజీ గుడిలో చూశాడట. ప్రదక్షిణలు చేస్తున్నావట, చిక్కిపోయావట. చేతిలో అంకెల కార్డు ఉందా అని అడిగాను, గమనించలేదన్నాడు. ఏం మనిషో! అక్కడ కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. నూటెనిమిదైతే కార్డు మీద ఒక్కో అంకె కొట్టేస్తూ తిరుగుతారు కాబట్టి కార్డు ఉంటే నాకు ఏ బెంగా లేదు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

ఫోన్ చేయకపోయినా పర్వాలేదు బిడ్డా. 11 అనో 108 అనో మెసేజ్ పెట్టు, చాలు. 11 అయితే మీ నాన్నకు నేను చెప్పుకుంటాను, ఆయన ఏమీ అనడు. రూము అద్దె ఎప్పటికి కట్టాలో కూడా రాయి. ఆ గుడి చుట్టూ అందరితో పాటు పరుగెత్తకు, ఖాళీ కడుపుతో అసలే తిరగకు.

ఆవకాయలో తడి చెంచా పెట్టకు.

అమ్మ