ఏటికొప్పాక బొమ్మల లిస్టింగుల నిలిపివేతపై బహిరంగ లేఖ

ఆన్‌లైన్ విక్రయ సంస్థ ఉత్పత్తి భద్రతా విభాగాధిపతి గారికి,

నమస్కారం. ఐఎస్‌ఐ గుర్తు లేదన్న ఒకే కారణంతో మా ఏటికొప్పాక లక్క బొమ్మల లిస్టింగులను మీ విభాగం నిలిపివేసింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు గురించి ఆరా తీయడం మీ బాధ్యతే, దాన్ని తప్పుపట్టను. అయితే 2021 జనవరి 1 నుంచి ఆ గుర్తును తప్పనిసరి చేసిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వే, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే జీఐ) ఉన్న ఉత్పత్తుల విషయంలో ఆ పేరు వాడుకునే హక్కు నమోదైన తయారీదారులకూ 2020 డిసెంబరు సవరణతో మినహాయింపు ఇచ్చింది. మా బొమ్మలకు ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది. నమోదు పత్రాలు జతచేసి అప్పీలు పెట్టినా, ఐఎస్‌ఐ గుర్తు లైసెన్సు సంఖ్య పంపమన్న పాత జవాబే వచ్చింది. వాటిని మనిషెవరూ తెరిచి చూసినట్టు లేదు.

మా పనిలో దాపరికం లేదు. తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపట్టితే, రాపిడి వేడికే కరిగి కర్రను పట్టుకుంటుంది; ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతాం.

కనుక పత్రాలను పరిశీలించి లిస్టింగులను పునరుద్ధరించాలనీ, మీ ఫారంలో లైసెన్సు సంఖ్య గడి పక్కనే మినహాయింపుకూ ఒక గడి చేర్చాలనీ కోరుతున్నాను. పరీక్ష నివేదిక కూడా కావాలనుకుంటే, ఏ ప్రమాణం కింద చేయించాలో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఏటికొప్పాక హస్తకళాకారుడు