1850 చట్టం చదివాకే ‘రాష్ట్రాల హక్కుల’ మాట
గ్రూప్ సభ్యులకు నమస్కారం. అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసం కాదు, కేంద్రం పెత్తనానికి ఎదురుగా ‘రాష్ట్రాల హక్కుల’ కోసం జరిగిందని కొందరంటారు. ఆ యుద్ధం మీద ఆదివారం చర్చకు వచ్చేముందు, పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించేందుకు కేంద్రం చేసిన 1850 నాటి పారిపోయిన బానిసల చట్టాన్ని ఒకసారి చూడండి. ముఖ్యంగా 6, 7, 8 సెక్షన్లు.

పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలూ లేదు. కేసు విచారించే కేంద్ర అధికారి, అంటే కమిషనర్, అతన్ని యజమానికి అప్పగిస్తే ఫీజు 10 డాలర్లు, వదిలేస్తే 5. కాగితాల పని ఎక్కువని సమర్థించుకున్నారు గానీ, నా దృష్టిలో అది చట్టం రాసిచ్చిన లంచమే. ఆశ్రయమిచ్చినవాళ్లకు 1,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు.

బానిసత్వం దక్షిణాది గొడవలే అనుకున్న ఉత్తరాదివాళ్ల గుమ్మంలోకి దాన్ని తెచ్చింది ఈ చట్టమే. 1854లో బోస్టన్ వీధుల్లో సైన్యం కాపలా మధ్య, పారిపోయి వచ్చిన బానిస ఆంథొనీ బర్న్స్‌ను తిరిగి పంపే ఓడ దాకా నడిపించారు. అదే ఏడాది విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లదంది. 1859లో ఫెడరల్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

చాలామంది తడబడేది ఇక్కడే. ఇందులో రాష్ట్ర హక్కులు వాడుకున్నది ఉత్తరాది, కేంద్ర బలం కోరింది దక్షిణాది. 1860 డిసెంబరులో సౌత్ కరోలినా తన విడిపోయే ప్రకటనలో ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టాన్ని అమలు చేయనివ్వడం లేదనే ఫిర్యాదు చేసింది. ఆ ప్రకటన కూడా చదివి రండి.